పై పన్ను ముట్టొద్దు

మా ఇంట్లో ఎవరైనా పై పన్ను పీకించుకోవాలంటే మా మామ ఒప్పుకోవాలి. మా మామ ఒప్పుకోడు. కాబట్టి మా ఇంట్లో ఎవరూ పై పన్ను పీకించుకోరు.

నవ్వులాటకు చెబుతున్న మాట కాదిది. మా అత్త విమలకు పైన కుడివైపు దవడ పన్ను పుచ్చి పదకొండేళ్ళయింది. పదకొండేళ్ళుగా ఆమె ఎడమవైపే నములుతోంది. మా మరిది దినేశ్ హనుమకొండలో డిగ్రీ చదివాడు, లోకంలో జరిగేదంతా తనకు తెలుసంటాడు, పన్ను నొప్పి లేస్తే మాత్రం లవంగం పెట్టుకుని గోడవైపు తిరిగి పడుకుంటాడు. కింది పన్నయితే పరవాలేదు. పై పన్ను ముట్టకూడదు. దాని నరం కంటికి పోతుందట. పన్ను లాగితే నరం తెగి చూపు పోతుందట.

ఈ మాట మా వైపు చాలామంది అంటారు. మిగతావాళ్ళు అంటే ఊరికే అన్నట్టుంటుంది. మా మామ వెంకట్రాం అంటే రుజువుతో సహా ఉంటుంది. ఆయన ఎడమ కంట్లో నల్లగుడ్డు లేదు, అంతా తెలుపే. తొమ్మిదేళ్ళ వయసులో పై పన్ను పీకారు, కన్ను పోయింది. ఇప్పుడాయనకు డెబ్బై ఒకటి. రెండుసార్లు సర్పంచ్‌గా చేశాడు. పాలకుర్తి పక్కన మా ఊళ్ళో ఎవరి పిల్లకు దవడ వాచినా ముందు మా వాకిట్లోకి తీసుకొస్తారు. ఆయన ఆ పిల్లను దగ్గరకు పిలిచి తన కన్ను చూపిస్తాడు. "ఏ మందన్న వాడుండ్రి, పై పన్ను మాత్రం ముట్టనియ్యకుండ్రి" అని చెప్పి పంపిస్తాడు. ఆ పిల్లలు తర్వాత ఏమయ్యారో నేనెప్పుడూ అడగలేదు. పెళ్ళయి వచ్చిన తొమ్మిదేళ్ళూ వంటింటి గుమ్మంలో నిలబడి విని, నోరు మూసుకుని లోపలికి పోయాను. అప్పటిదాకా వాచింది నా బిడ్డ ముఖం కాదు కదా.

నా బిడ్డ పేరు సాహితి. ఆరేళ్ళు, ఒకటో తరగతి. దసరా సెలవులు అయిపోయి మూడు వారాలైన తర్వాత ఒక సోమవారం పొద్దున జడ వేద్దామని కూర్చోబెట్టుకుంటే ఎడమ బుగ్గ ఉబ్బి కనిపించింది. ముక్కు పక్క నుంచి పై పెదవి దాకా నున్నగా, ఎర్రగా ఉంది. ముట్టుకుంటే వేడి తగిలింది. పిల్ల నా చెయ్యి తోసేసింది.

మా అత్త వచ్చి చూసింది. "గవదలు. మూడు పొద్దులుంటయి, పోతయి" అని తన మెడలోని బంగారు గొలుసు తీసి పిల్ల మెడలో వేసింది. గవదబిళ్ళలకు బంగారం తగిలితే వాపు దిగుతుందని మా దగ్గర అంటారు.

"అత్తమ్మా, గవదలు చెవి కింద వస్తయి. చెవి తమ్మె పైకి లేస్తది. నాకు చిన్నప్పుడు వచ్చినయి, నాకెరుక. గిది ముక్కు పక్కన ఉంది" అన్నాను.

"అందరికి ఒక్క తీరుగ వస్తయా" అంది ఆమె.

మా మామ వాకిట్లో నుంచే ప్రకాశానికి ఫోన్ చేశాడు. ప్రకాశం మా ఊరి ఆర్‌ఎంపీ. ఊరంతా డాక్టర్ సాబ్ అంటుంది గానీ ఆయన ఏ డాక్టర్ చదువూ చదవలేదు. పాతికేళ్ళ కింద వరంగల్‌లో ఎవరి దగ్గరో కాంపౌండర్‌గా చేసి వచ్చాడు. బండి మీద వచ్చి, పిల్ల నోరు తెరిపించబోయాడు.

"నోట్లె చెయ్యి వెట్టకు ప్రకాశం. సూది ఏసిపో" అన్నాడు మా మామ.

"సరే పటేలా" అని ప్రకాశం సూది వేశాడు. ఏం సూది అని అడిగితే నావైపు చూడకుండా వాపు గుంజే సూది అన్నాడు. జ్వరానికి నాలుగు గోలీలు కాగితంలో చుట్టి ఇచ్చాడు. నోట్లో చూడకుండా బుగ్గకు వైద్యం చేసే మనుషులను నేను మా ఊళ్ళోనే చూశాను.

మంగళవారం పొద్దునకు వాపు సగం దిగింది. ఇల్లంతా సంబరపడింది. మా అత్త గొలుసు పనిచేసిందంది. మా మామ ప్రకాశం చేతి వాసి అన్నాడు. నేనూ సంబరపడ్డాను, అబద్ధం ఎందుకు. బడికి పంపలేదు గానీ, బుగ్గ మీద ముద్దు పెట్టుకుని పొలానికి పోయాను.

బుధవారం మధ్యాహ్నానికి ఆ వాపు రెండింతలై తిరిగి వచ్చింది. ఈసారి కంటి కింది రెప్ప కూడా ఉబ్బింది. ఒళ్ళు కాలిపోతోంది. అన్నం కలిపి పెడితే నోరు సగమే తెరిచింది, ఒక ముద్ద తిని వద్దంది. నేను పిల్లను ఎత్తుకుని వడ్లు కొనే ఐకేపీ సెంటర్‌కు పోయాను. మా మామ అక్కడ వడ్ల కుప్ప పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నాడు. ఆ ఏడు వడ్లు కోసినప్పటి నుంచీ మబ్బులే. కాంటా మీద తూకం కాకముందే తడుస్తాయని అందరికీ గుబులు.

"మామా, జనగామ దవాఖానకు తీస్కపోతం" అన్నాను.

ఆయన పిల్ల ముఖం చూశాడు. చూసి మబ్బు చూశాడు. "రేపు కాంటా అయితది. కాంటా అయినంక చూద్దాం. దవాఖాన అంటే పన్నే పీకుతరు వాళ్ళు. వాళ్ళకు ఇంకేం రాదు" అన్నాడు.

"జ్వరం కాలిపోతుంది మామా."

"ప్రకాశంతోని ఇంకో సూది ఏపియ్యి."

అక్కడ పది మంది రైతులున్నారు. అందరూ విన్నారు. అంతమందిలో మామతో వాదిస్తే పరువు తక్కువని నన్ను చిన్నప్పటి నుంచి పెంచారు. ఆ పెంపకాన్ని నేను ఇప్పటికీ తిట్టుకుంటాను.

ఇంటికి వచ్చి మా ఆయన రాజేశ్‌కు ఫోన్ చేశాను. ఆయనది భూపాలపల్లి దగ్గర చెల్పూర్ థర్మల్ ప్లాంట్‌లో ఉద్యోగం. అక్కడే గది తీసుకుని ఉంటాడు, వారానికోసారి వస్తాడు. మొత్తం చెప్పాను. ఆయన విని, "బాపు ఏమన్నడు?" అన్నాడు.

"కాంటా అయినంక చూద్దామన్నడు."

"మరి గట్లనే చెయ్యి. ఒక్క రోజే గద."

"రాజేశ్, నేను బాపును అడగలే. నిన్ను అడుగుతున్న. నీ బిడ్డ గురించి."

"బాపుకు తెల్వదా సౌమ్యా. ఆయన కన్ను పోయింది గట్లనే గద. నేను శనివారం వస్త" అన్నాడు. ఫోన్ పెట్టేశాను. కోట్ల ఖరీదు చేసే యంత్రాలు నడుపుతాడు, ఒక గేజు ముల్లు కొంచెం అటు కదిలితే పరిగెత్తుతాడు. కన్నబిడ్డ ముఖం ఉబ్బితే శనివారం వస్తాడట.

గురువారం తెల్లవారి లేచి చూసేసరికి పిల్ల ఎడమ కన్ను పూర్తిగా మూసుకుపోయింది. రెప్పలు రెండూ ఎర్రగా ఉబ్బి ఒకదానికొకటి అతుక్కున్నాయి. "అమ్మా, కన్ను తెరుచుకుంటలేదు" అంది. ఏడవడం లేదు, చెబుతోంది అంతే. నాలో అప్పటిదాకా ఉన్న భయం అంతా ఆ ఒక్క మాటతో కోపమైపోయింది. ఎవరినీ అడగలేదు. తండా నుంచి ఆటో నడిపే బీక్యాకు ఫోన్ చేసి వాకిట్లోకి రమ్మన్నాను.

ఆటో చప్పుడుకు మా మామ బయటకు వచ్చాడు. "ఎవలను అడిగి పోతున్నవు?" అన్నాడు.

"ఎవలను అడగలే."

మా అత్త గొంతు తగ్గించి, "పోనియ్యి, పిల్ల కన్ను చూడు" అంది. నేను వచ్చిన తొమ్మిదేళ్ళలో ఆమె ఆయనకు ఎదురు చెప్పడం నేను విన్నది అదే. ఆయన పిల్ల దగ్గరకు వచ్చి, వంగి చూశాడు. తర్వాత కండువా భుజాన వేసుకుని ఆటోలో బీక్యా పక్కన ఎక్కి కూర్చున్నాడు.

"పోదాం. మందులిస్తే తీసుకుందాం. పన్ను మాత్రం ముట్టనియ్య. గందుకే వస్తున్న" అన్నాడు.

జనగామ దాకా పిల్ల నా ఒడిలో పడుకుని ఉంది. గుంతల్లో ఆటో ఎగిరినప్పుడల్లా మూలిగింది. బీక్యా ఒక్కసారి అద్దంలో చూసి, "అక్కా, మా తమ్ముని పిల్లకు గిట్లనే అయింది. ఆలస్యం చెయ్యలేదు, మంచిగయింది" అన్నాడు. మా మామ అటు తిరిగి చేన్ల వైపు చూస్తూ కూర్చున్నాడు.

దవాఖానలో పిల్లల డాక్టర్ చూసి, వెంటనే పళ్ళ డాక్టర్‌ను పిలిపించాడు. ఆమె పేరు మాధవీలత, సొంతూరు మానుకోట, ముప్పై కూడా ఉండవు. సాహితిని బల్ల మీద కూర్చోబెట్టి మొదట కన్ను చూసింది. రెండు వేళ్ళతో రెప్పలు మెల్లగా విడదీసి, టార్చ్ వేసి, "నా పెన్ను ఎటు పోతే గటు చూడు బిడ్డా" అంది. సాహితి చూసింది. "కన్ను తిప్పితే లోపల నొస్తుందా?" లేదంది. "నా దుపట్టా ఏం రంగు?" ఆకుపచ్చ అంది. డాక్టరమ్మ రెప్పలు వదిలేసి, కుర్చీలో వెనక్కి ఆనుకుంది.

"కనుగుడ్డు మంచిగనే ఉంది. వాపు ఇంకా కంటి ముందరనే ఉంది, వెనకకు దిగలే. వెనకకు దిగితే గుడ్డు ముందుకు పొడుచుకొస్తది, తిప్పరాదు, చూపు పోతది. కొందరికి మెదడుకు గూడ ఎక్కుతది. ఇయ్యాల తెచ్చిన్రు, మంచి పని చేసిన్రు" అంది నాతో.

తర్వాత నోరు తెరిపించింది. పైన ఎడమవైపు పాల దవడ పన్ను నల్లగా గుంత పడి ఉంది. దాని మీద చిగురు ఉబ్బి చీము పట్టింది. నన్ను పిలిచి చూపించింది. నా బిడ్డ నోరు నేను రోజూ కడిగిస్తాననుకుంటాను. ఆ గుంత నాకెప్పుడూ కనిపించలేదు.

"వాపు ఎన్ని రోజుల సంది?"

"సోమవారం సంది. సూది ఏస్తే మంగళవారం తగ్గింది."

"ఏం సూది?"

"వాపు గుంజే సూది అన్నడు."

ఆమె ముఖం ఎర్రబడింది. "వాపు తగ్గిచ్చిన్రు గాని లోపలి చీముకు మందియ్యలే. లోపల రోగం పెరుగుతనే ఉంది, మీరేమో తగ్గిందనుకున్నరు. రెండు రోజులు గట్లనే పోయినయి" అంది. పిల్లవైపు తిరిగి, "పన్ను ఎప్పటి సంది నొస్తుంది బిడ్డా?" అని అడిగింది.

సాహితి నావైపు చూసింది. "బతుకమ్మ సెలవులప్పటి సంది" అంది.

నెల రోజులు.

"మరి అమ్మకు చెప్పలేదా?"

"చెప్తే పీకుతరు. పీకితే తాత కన్ను లెక్క అయితది" అంది నా బిడ్డ, మా మామ ముఖం మీదికి వేలు చూపించి.

ఆ నెల రోజుల్లో అది అన్నం ముద్ద బుగ్గలో పెట్టుకుని నమలకుండా కూర్చున్నది నాకు గుర్తొచ్చింది. బడికి ఆలస్యమవుతుందని నేను అరిచాను. ఒకరోజు వీపు మీద కొట్టాను కూడా. ఒకవైపే నములుతోందని చూశాను, గారాబం అనుకున్నాను. మా అత్త పదకొండేళ్ళుగా అలాగే నములుతుంటే చూసి చూసి, మా ఇంట్లో అది వింతగా కనిపించడం కూడా మానేసింది. ఆ నిమిషంలో నాకు మా మామ మీద ఎంత కోపం వచ్చిందో, నా చెయ్యి మీద అంతకన్నా ఎక్కువ వచ్చింది.

డాక్టరమ్మ నర్సును పిలిచి సెలైన్ ఎక్కించమంది. "నరంలకు మందెక్కిస్తం. గా పన్ను ఇయ్యాలనే తియ్యాలె, చీము బైటికి రావాలె. ముల్లు లోపల ఉంచి పైన పసుపు రాస్తే మానదు గద" అంది. సంతకానికి కాగితం తీసి నా ముందు పెట్టింది.

మా మామ ఆ కాగితం మీద చెయ్యి పెట్టాడు. "మందులెక్కియ్యిండ్రి. పన్ను ముట్టొద్దు."

"పెద్దాయనా, పన్ను ఉంటే చీము మళ్ళ వస్తది."

"నా కన్ను చూడు డాక్టరమ్మా. మా బాపు సంతల పన్ను పీకెటోని దగ్గరికి తీస్కపోయిండు. పీకిండు. నా కన్ను పోయింది. మీరు బుక్కులల్ల చదివిన్రు. నేను చూసిన."

ఆమె విసుక్కోలేదు. మడత కుర్చీ ఆయన వైపు జరిపి కూర్చోమంది. ఆయన కూర్చోలేదు. "గప్పుడు పన్ను ఎందుకు పీకిచ్చిన్రు?" అని అడిగింది.

"వాచింది గనుక."

"ఎన్ని రోజులు వాచి ఉండె?"

"ఎనిమిదో తొమ్మిదో రోజులు. కల్లం నడుస్తుండె. వడ్లు ఇంటికి చేరినంక తీస్కపోయిండు."

"పీకిన నాటికి కన్ను తెరుచుకొని ఉండెనా, మూసుకొని ఉండెనా?"

ఆయన కండువా సర్దుకున్నాడు. ఆమె మళ్ళీ అడిగింది. "మూసుకొనే ఉండె" అన్నాడు.

"ఎన్ని రోజుల సంది?"

"నాలుగైదు రోజుల సంది."

"మరి మూసుకొని ఉన్న కంట్ల చూపు ఉన్నదో పోయిందో ఎవలు చూసిన్రు పెద్దాయనా? పన్ను పీకిన తెల్లారి పోయిందని ఎట్ల చెప్తరు? గది అంతకు ముందే పోయి ఉంటది. గా పన్ను మొదటి రోజే తీస్తే మీ కన్ను ఉండేది."

ఆ గదిలో నర్సు కూడా చేస్తున్న పని ఆపింది. మా మామ ముఖంలో నాకేమీ అర్థం కాలేదు. ఆయనకు ఆశ్చర్యం కలగలేదని మాత్రం అర్థమైంది. నేననుకున్నాను, ఇప్పుడైనా ఒప్పుకుంటాడని. ఆయన కాగితం మీద నుంచి చెయ్యి తియ్యలేదు. "రాజేశ్ రానియ్యిండ్రి. శనివారం వస్తడు. ఆడు సంతకం పెడితే పీకుండ్రి" అన్నాడు.

"నేను పెడత" అన్నాను.

"నీకేం తెల్సు? చూపు పోతే జిమ్మేదారి ఎవలది?"

"నాది. ఇన్ని రోజులు ఎవలది కాలే, గందుకే గీ కాడికొచ్చింది. ప్రకాశం జిమ్మేదారి కాదు, రాజేశ్ జిమ్మేదారి కాదు, మీది కాదు. మీకు కాంటా కావాలె. మీ బాపుకు కల్లం పని ఒడవాలె. చెయ్యి తియ్యిండ్రి మామా."

తొమ్మిదేళ్ళలో ఆయన ముందు నేను అంత మాట అనలేదు. ఆయన చెయ్యి తియ్యలేదు. నేనే ఆయన మణికట్టు పట్టుకుని పక్కకు జరిపాను. తల్లి సంతకం చాలునా అని డాక్టరమ్మను అడిగాను. చాలంది. పెట్టాను.

పావుగంటలో అయిపోయింది. మత్తు సూది పట్టదేమోనని భయపెట్టారు గానీ పట్టింది. సాహితి నా వేలు పట్టుకుని ఉంది. పన్ను వచ్చిన చోటి నుంచి పచ్చటి చీము, వాసన. డాక్టరమ్మ చిగురు పక్కన కోసి మిగతాది కూడా తీసింది. ఆ పాల పన్ను గోరంత ఉంది. నా బిడ్డ కన్నును బలి అడిగింది అదే.

"ఇప్పుడు చూసుకుంట ఉండాలె. కన్ను తిప్పితే నొస్తుందన్నా, గుడ్డు ముందుకు వచ్చినట్టున్నా, గదవ కింద, గొంతు కాడ గట్టిగైనా, ఉమ్ము మింగరాకున్నా నన్ను పిలువుండ్రి. ఒక్క పూట గూడ ఆగొద్దు" అని నాకు చెప్పి, రాత్రికి ఉండే ఇద్దరు నర్సులకూ అదే చెప్పి పోయింది. ఇంత సులువుగా చెప్పొచ్చు ఈ నాలుగు మాటలు. మా ఊళ్ళో మైకు పెట్టి పోలియో చుక్కల గురించి చెబుతారు, ఎరువుల గురించి చెబుతారు. ఇది ఎవరూ చెప్పలేదు. చెప్పే చోట మా మామ కూర్చుని ఉన్నాడు.

మా మామ ఊరికి పోలేదు. వార్డు బయట బెంచీ మీదే ఉన్నాడు. వడ్లు కాంటా అయ్యాయని ఆ మధ్యాహ్నం ఎవరో ఫోన్ చేశారు. సరే అని పెట్టేశాడు. నేను ఆయనకు అన్నం పెట్టించాను, మాట మాత్రం మాట్లాడలేదు.

రాజేశ్ శనివారం రాలేదు, శుక్రవారం పొద్దునే వచ్చాడు. భూపాలపల్లి నుంచి హనుమకొండ, అక్కడి నుంచి జనగామ, రెండు బస్సులు మారి వచ్చాడు. బిడ్డను చూసి గోడకు ఆనుకున్నాడు. తర్వాత నాతో మెల్లగా, "బాపును అందరి ముంగట గట్ల అన్నవట" అన్నాడు.

"అన్న. నిన్ను గూడ అంటుంటి, నువ్వు లేవు."

"ఆయన పెద్దమనిషి సౌమ్యా."

"నీ బిడ్డకు నెల రోజుల సంది పన్ను నొస్తుంది. ఆయన కన్ను చూసి భయపడి చెప్పలే. నువ్వు గూడ చిన్నప్పుడు గట్లనే భయపడి ఉంటవు. ఇంకా నీ భయం పోలే. ఫోన్ల బాపు ఏమన్నడు అని అడిగినవు చూడు, గది ఇగ నా దగ్గర అడగకు" అన్నాను. ఆయన డాక్టరమ్మ రాసిచ్చిన మందులు తేవడానికి పోయాడు.

శుక్రవారం సాయంత్రానికి జ్వరం దిగింది. శనివారం పొద్దున సాహితి రెప్పలు సన్నగా విడిపోయాయి. లోపల కన్ను ఎర్రగా ఉంది గానీ కదులుతోంది. నర్సు గోరువెచ్చని నీళ్ళతో రెప్పలు తుడిచింది. నేను ఏడుస్తుంటే పిల్ల "ఇప్పుడెందుకు ఏడుస్తున్నవు" అని నన్నే అడిగింది.

అప్పుడు మా మామ లోపలికి వచ్చాడు. నన్ను గానీ రాజేశ్‌ను గానీ చూడలేదు. మంచం పక్కన నిలబడి, పిల్ల కుడి కన్నును తన అరచేత్తో కప్పేశాడు. రెండో చెయ్యి ముందుకు పెట్టి వేళ్ళు చాపాడు.

"ఎన్ని?"

"రెండు" అంది సాహితి.

"ఇప్పుడు?"

"నాలుగు."

"ఇప్పుడు?"

"ఒకటి. తాతా, దగ్గరికెందుకు పెడుతున్నవు, కనవడుతుంది నాకు."

ఆయన ఆపలేదు. ఏడెనిమిదిసార్లు అడిగాడు. అన్నీ సరిగ్గా చెప్పింది. నాకు ఒళ్ళు మండింది. ఇంత జరిగాక కూడా పన్ను పీకితే చూపు పోయిందేమోనని పరీక్ష పెడుతున్నాడనుకున్నాను. ఆయన చెయ్యి పట్టుకుని లాగేద్దామని లేచేలోపు ఆయనే చెయ్యి తీసి మంచం అంచున కూర్చున్నాడు.

"మా బాపు గూడ గిట్లనే అడిగిండు" అన్నాడు. ఎవరితో చెబుతున్నాడో తెలియలేదు. "వాపు తగ్గినంక. మంచి కన్ను మూసి, ఎన్ని అన్నడు. నాకేం కనవడలే. మూడు అన్న."

"కనవడకుంటే మూడని ఎందుకన్నవు బాపు?" అన్నాడు రాజేశ్.

"నా మంచి కన్ను మూయకముందు మా బాపు మొఖం చూసిన, కనవడలేదని చెప్పబుద్ధి కాలే. ఆయనకు అప్పటికే ఎరుక, కల్లం కోసం ఆగినందుకే పోయిందని. నాకు గూడ ఎరుక. రోజూ నొస్తుందని ఏడిస్తే రేపు రేపన్నడు గద. ఆఖరుకు పన్ను పీకెటోడు చెడగొట్టిండని ఊరికి చెప్పిండు. నన్ను అడిగినోళ్ళకు నేను గదే చెప్పిన. చెప్పంగ చెప్పంగ నేను గూడ నమ్మిన."

రాజేశ్ తల వంచుకున్నాడు. ఆ మాటకు ఇంకో ఆడమనిషయితే కరిగిపోయేదేమో. నాకు జాలి కలిగింది, తొమ్మిదేళ్ళ పిల్లవాడి మీద. కాని నా ముందు కూర్చున్నది డెబ్బై ఒకటేళ్ళ మనిషి. మా వాకిట్లోకి ఎత్తుకొచ్చిన పిల్లలు ఒక్కొక్కరే నా కళ్ళ ముందుకు వచ్చారు. తల్లుల చంకల్లో, తువ్వాలలో చుట్టిన ముఖాలు, ఈయన కన్ను చూసి వెనక్కి నక్కినవాళ్ళు. వాళ్ళ పేర్లు కూడా నాకు సరిగ్గా తెలియవు.

"గీ మాట ఊర్లె చెప్పుండ్రి మామా" అన్నాను. "ఇప్పుడు మాకు చెప్పినట్టే, వాకిట్ల కూసోని అందరికి చెప్పుండ్రి. పన్నుతోని కాదు, ఆగుడుతోని పోయిందని. మీరు చెప్పకుంటే నేను ఇల్లిల్లు తిరిగి చెప్త."

"మా బాపు పేరు ఖరాబైతది బిడ్డా" అన్నాడు.

"మీ బాపు పోయి ముప్పై ఏండ్లయింది. గా పిల్లలు ఇంకా ఉన్నరు" అన్నాను.